గేట్లు బందు

కిరాయి మూడు వేల రెండొందలు.
డీజిల్ నాది, పులిహోర డబ్బాలు వాళ్ళయి.
మర్రిగూడ కాడ పద్నాలుగు మంది ఎక్కిండ్రు,
తుఫాన్ల జాగ పన్నెండుకే.
మిగిలిన ఇద్దరు పిల్లలు గదా,
లెక్కల రారన్నడు సైదులు.

మల్లేపల్లి దాటంగనే మొదలువెట్టిన.
ఎప్పుడూ చెప్పేదే.
ఇరవై ఆరు గేట్లు ఒక్కసారి లేస్తే
వంతెన మీద నిలబడ్డోడి మాట పక్కోడికి ఇనరాదని,
నీళ్ళు దుంకుతున్నయా పొగ లేస్తున్నదా తెల్వదని,
అంగీ జేబుల బీడీకట్ట నానిపోతదని.
వెనక సీట్ల పిల్లలు నోళ్ళు తెరిచిండ్రు.
రేణుక కొత్త చీర కొంగు సదురుకొని
తడుస్తదేమో అన్నది.
తడువకపోతే పైసలు వాపస్ అన్న నేను.
అనొద్దుండె.

బీడీకట్ట నాది గాదు. నేను బీడీ తాగ.
అది మా బావ కథ.
పన్నెండేండ్ల సంది జనాన్ని తోల్కపోతున్న,
ఆరు గేట్లకు మించి చూడలే.

పెద్దవూర దాటినంక ఎదురొచ్చే బండ్లు
ఉత్తగ వస్తున్నయి.
అద్దాల మీద తుంపర లేదు,
కిటికీలల్ల ఒక్క తడి తల లేదు.
నాకప్పుడే సమజైంది.
చెప్పలే. పాట సౌండు పెంచిన.

వంతెన మీద దిగిండ్రు.
ఎదురుంగ గోడ.
అంత పొడుగు, అంత ఎత్తు, ఎండిన గోడ.
కింద బండలు, బండల నడుమ పచ్చటి మడుగు,
మడుగుల ఒంటికాలి మీద ఒక కొంగ.
పొద్దుగాల పదింటికి దించిండ్రంట.
మక్కకంకులు కాల్చే పిల్ల చెప్పింది,
తప్పు తనదే అన్నట్టు.

సైదులు నా దిక్కు చూసిండు,
గేట్లు నేనే దించినట్టు,
తాళంచెయ్యి నా లాగు జేబుల ఉన్నట్టు.
ఫోటోలాయన ఆల్బం తెరుచుకొని వొచ్చిండు,
ఎన్క గేట్లు లేపినట్టు పెట్టిస్త, యాభై.
తడిసినట్టు గూడ చేస్తవా అనడిగింది రేణుక.
అయినా దిగిండ్రు.

ఇద్దమ్మ జీపుల్నే కూసున్నది.
సైదులుకు మేనత్త.
బోరు నీళ్ళు తాగి పెరిగిన మనిషి,
మా దిక్కు బొక్కల సంగతి మీకెరికే.
మెడ తిరుగది, తిరిగితే మనిషి మొత్తం తిరగాలె.
ఏమైందిరా అన్నది.
నీళ్ళు ఆపిండ్రత్తా.
ఆపినయి యాడున్నయి?

మాకెవ్వరికీ తట్టని మాట.
బండి తిప్పిన. కట్ట అవతలికి,
లాంచీలు ఆగే కాడికి.
చెరో రెక్క పట్టి దించినం.
నీళ్ళు.
చప్పుడు లేదు, పొగ లేదు,
కంటికి ఆననంత ఉండి ఊకున్న నీళ్ళు.
ఇద్దమ్మ మనిషి మొత్తం తిరిగి
ఈ కొస నుంచి ఆ కొస దాక చూసింది,
చేను కొనొచ్చినోడు గెట్లు చూసినట్టు.
మన నల్లాకొచ్చేటియి ఇవేనా?
ఇవే.
మరి దుంకేటియి?
అవి సముద్రానికి పోతయత్తా.
పోయేటియి చూసెతందుకా
గింత దూరం తోల్కొచ్చిండ్రు, తిక్కలోళ్ళారా, అన్నది.
అని ఊకోలే.
ఉన్నకాడనే ఉన్న నీళ్ళకు
మూడు వేల రెండొందలు ఎక్కువన్నది.

సైదులు రెండు వేలే ఇచ్చిండు.
నేను గట్టిగ అడుగలే, చేపలు వాళ్ళే తినిపిచ్చిండ్రు.
ఫోటోల అందరూ పొడి బట్టలతోని
వరద ముంగట నవ్వుతున్నరు.
ఇద్దమ్మ అండ్ల లేదు.

తెల్లారి ఎనిమిదింటికి
పైన వానలు గొట్టినయని పద్నాలుగు గేట్లు లేపిండ్రు.
టీవీల చూపిస్తున్నరు.
సైదులు ఫోన్ మోగుతున్నది.
ఎత్తలే.
మూలమీది డబ్బాల ఒక బీడీకట్ట కొన్న,
అంగీ జేబుల ఏసుకున్న,
ఖాళీ బండి తీసిన.