గూటం కనబడలేదు

వెల్లింగ్టన్, సర్వేయర్ జనరల్ ఆఫీసు నేలమాళిగ.
పాత కొలతల పుస్తకాల్ని తెరవడం,
ఫొటో తీయడం, మూయడం నా ఉద్యోగం.
కొన్ని వాన వాసనేస్తాయి.
ఒకదాంట్లో నూట నలభై ఏళ్ల దోమ
ఉత్తరపు గీతకి అతుక్కుని ఉంది.

ఎబెనెజర్ క్రోల్ దొర చేతిరాత చక్కనిది.
ఆ నేల నుదుటిరాత సంగతి నేను చెప్పలేను.
గొలుసుకి వంద లింకులు, మైలుకి ఎనభై గొలుసులు.
బురదలోంచి, ఫెర్న్ పొదల్లోంచి,
ఎవరి చిలగడదుంప మడిలోంచో కూడా
తు.చ. తప్పకుండా నడిచాడు.
రెండో కొస పట్టుకున్నది హోరోమోనా.
జీతాల పట్టీలో అతని పేరుంది,
పటంలో లేదు.

ఈ వాగు పేరేమిటని దొర అడిగే ఉంటాడు.
అతను చెప్పే ఉంటాడు.
పెన్సిలుతో రాసి కొట్టేసిన నాలుగక్షరాలు
దీపం ఏటవాలుగా పడితే ఇప్పటికీ తేలతాయి.
వాటి మీద సిరాతో: అగాథా వాగు.
అగాథ దొరగారి మరదలట.
సముద్రం దాటి ఇటు రానేలేదు.

మార్చి తొమ్మిది. పదిహేడు గూటాలు పాతాం.
మార్చి పది. గూటం కనబడలేదు.
గూటం కనబడలేదు. గూటం కనబడలేదు.
పదిహేడు సార్లూ అదే చక్కని రాత.
పదకొండు. మళ్లీ పాతాం.
పన్నెండు. వాన. పని లేదు.
పదమూడు. గూటం కనబడలేదు.
రాత్రుళ్లు ఎవరు పీకారో పుస్తకం చెప్పదు.
హోరోమోనా పగలంతా ఆవలిస్తున్నాడని
అంచున చిన్న ఫిర్యాదు, అంతే.

తర్వాత పై అంతస్తులో
యుద్ధానికి వెళ్లినవాడి స్టూలెక్కి కూచుంది ఐలీన్ టస్కర్.
గంజి గుడ్డ మీద నకళ్లు, ముప్పై ఏళ్లు.
పాతబడ్డ గుడ్డని ఉతికి జేబురుమాళ్లు కుట్టుకునేదట.
ఒక తాలూకా మొత్తం ఎవరి ముక్కో తుడిచి ఉంటుంది.

మీటర్లొచ్చాయి. గొలుసు గాజుపెట్టె ఎక్కింది.
ఇప్పుడు ఉపగ్రహాలు అంటున్నాయి,
ఈ నేలే కుదురుగా లేదని.
ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లు, గోరు పెరిగినంత.
క్రోల్ పాతిన రాయి ఉన్నచోటే ఉండి
ఎటో వెళ్లిపోయింది.
దానికీ ఒక లెక్క కట్టుకున్నాం.

నిన్న న్గాహుయా అనే ఆవిడ అర్జీ పట్టుకొచ్చింది:
వాగుకి పాత పేరు కావాలి. రుజువు ఉందా?
దీపం వంచాను.
కళ్లజోడు తీయకముందే చదివేసింది.
మార్చి పది దగ్గర వేలు పెట్టి
చాలాసేపు నవ్వింది.
"టోటారా కర్ర కదా," అంది,
"మలుగు చేపకి నిప్పు బాగా నిలుస్తుందనేది
మా అమ్మమ్మ."

నేను పేజీ తిప్పాను.
పన్నెండు. వాన.