కారణం గడిలో సోమవారం

ఈ బిల్డింగు తాళం పద్దెనిమిదేళ్ళుగా నా మొలతాడుకే ఉండేది.
అంతర్వేది రోడ్డు పక్క, స్తంభాల మీద నిలబెట్టిన
సిమెంటు పడవ ఇది.
తుఫానొస్తే ఊరంతా ఎక్కుద్ది,
తగ్గేక దిగిపోద్ది.
మిగతా రోజులు
పావురాలూ, నేనూ,
మూల నాని ఎండిన ఇసక బస్తాలూ.

నాలుగింటికి బడి వదిలేస్తారు.
రొయ్యల షెడ్డు ఏడింటికి గాని వదలదు.
మధ్యలో ఆ మూడు గంటల గురించి
రేడియో ఎప్పుడూ హెచ్చరిక చెప్పలేదు.
ఆ మూడు గంటల్లోనే
పోలేరు కొడుకు సత్తిపండు
చెరువుగట్టు మీద ఏరేటర్ తీగ పట్టుకున్నాడు.
బతికేడు.
కుడి అరచెయ్యి మాత్రం ఇప్పటికీ
గుడ్డు దాచుకున్నట్టు ముడుచుకునే ఉంటాది.

ఆ తర్వాతి వారం దీవెనమ్మ వచ్చి నిలబడింది.
"మావా, తాళమియ్యి."
"తుఫానేదే?" అన్నాను.
నా వైపు చూసింది. ఏమీ అనలేదు.
ఇచ్చేను.
రిజిస్టరులో తెరిచిన కారణం రాయాలన్నాను.
తుఫాను పేరు రాసే గడిలో
గుండ్రటి అక్షరాలతో
"సోమవారం" అని రాసింది.

ఎనిమిదేళ్ళు రొయ్యలు ఒలిచిన చేతులు ఆవిడవి.
గీతలన్నీ ఐసులో కరిగిపోయేయి.
రేషను మిషను ఆ వేలిని గుర్తుపట్టదు,
మళ్ళీ పెట్టు, మళ్ళీ పెట్టు అంటాది.
పిల్లలకి వెనకనుంచి తల మీద పెడితే చాలు,
తిరిగి చూడకుండానే "అక్కా" అంటారు.

ఇస్సాకుకి భాగహారం రాదని
బళ్ళో బెంచీ ఎక్కించేవారు.
"ముప్పై కౌంటంటే ఏంట్రా?" అడిగింది.
"కేజీకి ముప్పై తూగుతాయక్కా. పెద్ద రొయ్య."
"వంద కౌంటు?"
"సిన్నది. రేటు పడిపోద్ది."
"మరి కేజీని వందమందికి పంచితే ఒక్కోడికెంత?"
వాడు నోరు తెరిచి అలాగే ఆగిపోయేడు.
ఇన్నాళ్ళూ ఆ లెక్క
వాళ్ళమ్మ చీర కుచ్చిళ్ళ వాసనలోనే ఉందని
ఎవరూ చెప్పలేదు మరి.

నాగదుర్గ వచ్చిన నెల్లాళ్ళూ పడుకునే ఉంది.
శనగలు ఉడికిన వాసనకీ లేవలేదు,
కేరమ్సు చప్పుడుకీ లేవలేదు.
లేపబోతే దీవెనమ్మ కసిరింది నన్ను.
రాత్రిళ్ళు ఆ ఇంట్లో ఏమవుద్దో ఆవిడకి తెలుసు.
నాకూ తెలుసు.
నేను తాళం మనిషిని, నాకెందుకులే అనుకునేవాణ్ణి.
ఇప్పుడు కొబ్బరి ముక్కల కాడ
అందరికన్నా ముందు కొట్లాడేది ఆ పిల్లే.
నా కళ్ళద్దాలు దాచేసి
నన్నే దొంగంటాది.
దాని గొంతు పెరిగినకొద్దీ
దీవెనమ్మ మొహం విప్పారుద్ది.
నాకు మొదట్లో అర్థం కాలేదు.

అన్ని రోజులూ ఇలా ఉండవు.
ఇద్దరు పిల్లలు పనిలోకెళ్ళిపోయేరు, మేం ఆపలేకపోయేం.
కరెంటు పోతే
చెరువుల మీద ఏరేటర్ల మోత కూడా ఆగిపోద్ది.
ఆ నిశ్శబ్దంలో ఎవడో ఒకడు
ఎక్కాలు అందుకుంటాడు,
భయానికే అనుకోండి.
వశిష్ఠ పోటు మీదున్న రోజున
కింద స్తంభాల కాడ నీళ్ళు
వాళ్ళ కూడా పలికినట్టే ఉంటాది.

ఏడింటికి షెడ్డు వేను ఆగుద్ది.
తల్లులు మెట్లెక్కుతారు,
తెల్లగా నానిన వేళ్ళతో.
ఎక్కినోళ్ళు వెంటనే దిగరు.
ఆఖరి మెట్టు మీద కూలబడి
తమ పిల్లల్ని
ఎవరి పిల్లలనో చూసినట్టు చూస్తారు కాసేపు.

మొన్న మండలాఫీసు నుంచి ఒకాయన వచ్చేడు.
పేజీలు తిప్పేడు.
సోమవారం, మంగళవారం, బుధవారం...
"ఏంటయ్యా, ఏడాదికి ఇన్ని తుఫాన్లా?"
ఏం చెప్పను?
"నాలుగింటికోసారి రండి బాబూ" అన్నాను.
ఇంకా రాలేదు.

తాళంచెవి ఇప్పుడు నా మొలతాడుకి లేదు.
గుమ్మం పక్క మేకుకి ఉంటాది,
సత్తిపండు ఎడంచేతికి అందే ఎత్తులో.