ఏ ఆరింటికి?

జిమ్మా యూనివర్సిటీ గేటుకి ఎదురుగా
నీలం రేకు తలుపున్న మందుల షాపు నాది.
నాకు క్యాలెండర్ అక్కర్లేదు.
యాంటాసిడ్ డబ్బా అడుగు కనిపించిందంటే
పరీక్షలు మొదలైనట్టే.

ఈ సాయంత్రం తొలోసా వచ్చాడు.
సివిల్ ఇంజనీరింగ్, మూడో ఏడు.
చెయ్యి పొట్ట మీద, చూపు నేల మీద.
"హిరుత్ అక్కా, రెండు బిళ్ళలు చాలు.
స్ట్రిప్ మొత్తం వద్దు."
కత్తెర తీస్తూ అడిగాను,
చివరిసారి ఎప్పుడు తిన్నావని.
"ఆరింటికి."

మా దేశంలో గంటలు పొద్దుపొడుపుతో మొదలవుతాయి.
ఆరంటే నడినెత్తిన ఎండ,
ఆరంటే నడిరేయి కూడా.
"ఏ ఆరింటికి?"

పాపం, నిజంగానే ఆలోచనలో పడ్డాడు.
వంతెన మోసే బరువుని నోటిలెక్కన చెప్పే కుర్రాడు
తన ఇంజెరా ముక్క ఎక్కడ జారిపోయిందో
వేళ్ళ మీద వెతుక్కుంటున్నాడు.

పొద్దున మెస్సు ముందు వరుస పొడుగ్గా ఉందట.
మధ్యాహ్నం కునుకు పట్టేసిందట.
రాత్రి, అవును, రాత్రి ఆరింటికే,
హాస్టల్ మెట్ల మీద, నూనె కారే పిండి ఉండ ఒకటి.
ఆపైన తెల్లారేదాకా
బుగ్గలో చాట్ ఆకు, చేతిలో కాఫీ.
ఆకలి రుచెరుగదంటారు.
వీళ్ళ ఆకలికి వేళ కూడా తెలియదు.

కాఫీ పుట్టిన నేల మీద నిలబడి
కాఫీని తిట్టే నోరు నాకు లేదు.
మా అమ్మా మూడు విడతలు పోసేది.
కాకపోతే పక్కన వేయించిన బార్లీ ఉండేది,
పక్కింటావిడ ఉండేది,
రెండో విడత మరిగేలోపు
ఊరి కబుర్లన్నీ అరిగిపోయేవి.
వీళ్ళు ఆ మూడు కప్పులూ
ఒంటరిగా, నిలబడి, ఖాళీ కడుపులోకి.

"అవిసెలు వేయించి, దంచి, నీళ్ళలో కలిపి తాగు" అన్నాను.
"గదిలో ఆరుగురం. పొయ్యి పెడితే వార్డెన్ ఊరుకోడక్కా."
నవ్వాడు.
ఆ నవ్వు గొంతు దాటేలోపే పుల్లటి తేన్పు అడ్డొచ్చింది.
అటు తిరిగి నోరు మూసుకున్నాడు, సిగ్గుతో.

బిళ్ళలు కాగితంలో చుట్టి ఇచ్చాను.
తిన్నాక వేసుకోమన్నాను.
తల ఊపాడు.
అందరూ ఊపుతారు.

వాడు రోడ్డు దాటాక కౌంటర్ కింద చూసుకున్నాను.
నా డబ్బాలో షిరో మీగడ కట్టి, అంచుల్లో చిట్లి,
పగటి ఆరింటి నుంచీ అలాగే ఉంది.
స్ట్రిప్‌లో ఇంకా ఎనిమిది.
ఒకటి నా నాలిక మీద పెట్టుకుని
పుస్తకంలో ఏడు అని రాశాను.