నూట నలభై మూడో కొక్కెం

ఏప్రిల్ పదిహేను.
హార్బర్లో బోట్లన్నీ ముక్కులు ఆనించుకుని నిలబడ్డాయి,
లంగరు తాళ్ల మీద కాకులు.
సముద్రం గుడ్లు పెట్టే కాలమట.
అరవై ఒక్క రోజులు వల తగలకూడదని
జెట్టీ గోడ మీద సర్కారు కాగితం.
మా ఆయన అది చదివి బీడీ ముట్టించాడు,
"కడుపుతో ఉన్నదాన్ని కదపకూడదులే" అన్నాడు.
సముద్రాన్నే అన్నాడు.
నాకు ఏడో నెల.

చెరువు రొయ్యకి నిషేధం లేదు.
భీమవరం లారీ తెల్లారి నాలుగింటికే గేటు కాడ.
మంచునీళ్లలో చేతులు పెట్టి
తల తుంచి, పెంకు ఒలిచి, నరం లాగి,
మధ్యాహ్నానికి వేళ్ల కొసలు నావి కావు.
లోపల్నించి ఒక తన్ను,
బయట్నించి బల్ల అంచు.

ఆ సాయంత్రం కాంట్రాక్టరు సూర్రావు
టోకెన్లు లెక్కపెడుతూనే అన్నాడు:
"రత్నం, రేపట్నించి రాకు. నీ మంచికే.
కాన్పయ్యాక కనబడు, చూద్దాం."
ఎంత మెత్తగా అన్నాడంటే
ఇల్లు చేరేదాకా దాన్ని జాలనే అనుకున్నాను.

మా తోడికోడలు బంగారమ్మకీ ఇంతే మెత్తగా చెప్పారు.
మూడో నెల చంటిదాన్ని తల్లికిచ్చి పనికెళితే
ఆమె కొక్కేనికి వేరే ఎవరిదో ఏప్రను.
అడగలేదు. ఏమని అడుగుద్ది?
ఇప్పుడు పూర్ణా మార్కెట్లో వెల్లుల్లి ఒలుస్తోంది.

ఘోషాసుపత్రి కార్డుకి ఆధార్ కాపీ కావాలని
జరీనా జిరాక్సు కొట్టుకెళ్లాను.
మెషీను వేడెక్కేలోపు సంగతి లాగేసింది.
"ఈ ఏడాదిలో ఎనభై రోజులు పనిచేశావా?"
ఇంటికొచ్చి క్యాలెండరు దించాను.
పాలకి గీత, గ్యాసుకి సున్నా, షిఫ్టుకి ఇంటూ.
ఇంటూలు రెండొందల పదకొండు.
రెండుసార్లు లెక్కపెట్టాను,
ఇన్ని పొద్దులు నేనే నిలబడ్డానా అని.

జరీనా కళ్లద్దాలు పైకి తోసి చదివింది.
ఇరవై ఆరు వారాలు.
ఎనిమిది కాన్పుకి ముందే తీసుకోవచ్చు.
ఈఎస్ఐ కార్డుంటే వాళ్లిస్తారు డబ్బు, లేకుంటే కంపెనీ.
సెలవులో ఉండగా తీసెయ్యటం చెల్లదు.
కూలి తగ్గించి వెనక్కి పిలవటమూ చెల్లదు.
కాంట్రాక్టు మనిషి కూడా మనిషే.
(ఆ చివరిది చట్టంలో లేదు, జరీనా కలిపింది.)
"నోటితో అడక్కు. నోటిమాటకి జిరాక్సు తియ్యలేను."

అర్జీ చూసి సూర్రావు నవ్వాడు.
"అందరూ ఇలా పోతే కంపెనీ మూసుకోమంటావా?"

అన్నా, సముద్రం సెలవులో ఉంది కదా,
హార్బరు మూసేశారా?
బోట్ల మీద నంబర్లు ఎవరన్నా చెరిపేశారా?
జూన్లో ఎవరి చోటుకి వాళ్లెళతారు.
నా చోటు నాకుంచండి.

ఇంత బాగా అనలేదు నేను.
గొంతు వణికింది.
సగం మాటలు సిటీ బస్సులో దొరికాయి,
మిగతావి రాత్రి గంజి వారుస్తుంటే.
కాగితం మాత్రం వణకలేదు.
సంతకం పెట్టనన్నాడు, రిజిస్టరు పోస్టులో పంపాను.
ఆరో రోజున ముద్రతో తిరిగొచ్చింది ముట్టినట్టు కార్డు.
దాన్ని పెళ్లిఫొటో వెనక దాచాను.
రెండో కాపీ లేబరాఫీసుకెళ్లింది.

జూన్ పద్నాలుగు అర్ధరాత్రి
ఘోషాసుపత్రి కిటికీలోంచి ఇంజన్ల చప్పుడు,
ఒకటి, పది, వంద బోట్లు.
మా ఆయన వేటకెళ్లలేదు ఆ రాత్రి,
వరండాలో చెప్పుల మధ్య కూచున్నాడు.
తెల్లారేసరికి ఆడపిల్ల.
బోటు సైరన్లాగా ఏడ్చింది.

డబ్బు సగమే వచ్చింది.
మిగతాదానికి వాయిదా, వచ్చే మంగళవారం.
సూర్రావు నా వైపు చూడ్డం మానేశాడు, అదీ మంచిదే.
క్యాలెండర్లో ఇప్పుడు కొత్త గుర్తు: వారానికో చుక్క.
ఇంకా పదిహేడున్నాయి.

ప్రతి శనివారం షిఫ్టు దిగాక
ప్యాకింగు పిల్ల గౌరీశ్వరి ఫొటో పెడుతుంది:
తడిగోడ, తుప్పు, నూట నలభై మూడు.
"ఖాళీగానే ఉందక్కా" అని రాస్తుంది కింద.
పాలు పడుతూ ఒంటిచేత్తో జవాబు కొడతాను:
ఖాళీ కాదే పిల్లా.
నేను సెలవులో ఉన్నాను.