పక్కన తీసిన బెల్లం

పాస్టరుగారు ప్రతి ఆదివారం అడుగుతారు,
"ఎస్తేరమ్మా, ఈ వారం ఎంతమందికి చెప్పావు?"
నేను చెప్పింది కోణాల గురించి.
లంబకోణం, అల్పకోణం,
అధికకోణం దగ్గర గంట కొట్టేశారు.

చిత్తూరు, గిరింపేట, ఎనిమిదో తరగతి బి సెక్షను.
నలభై ఒక్క మంది.
ఇంట్లో అరవం, బడిలో తెలుగు మాట్లాడేవాళ్ళు,
ఇంట్లో ఉర్దూ మాట్లాడి
తిట్టుకోవడానికి మాత్రం తెలుగు వాడేవాళ్ళు.
నా బ్యాగులో అరచేయంత కొత్త నిబంధన ఉంటుంది.
గేటు దాటాక ఆ అర జిప్పు తీయను.
ఉద్యోగంలో చేరినరోజు నాకు నేను పెట్టుకున్న గీత.

ఆ సోమవారం దొరస్వామి గుండుతో వచ్చాడు,
చందనం ఎండి పొట్టు రాలుతోంది.
కర్ణం మీది వర్గం సగంలో ఉండగా
బెంచీ మీద వాలిపోయాడు.
స్కేలు నా చేతిలోనే ఉంది.
చప్పుడు పక్క సెక్షనుదాకా పోయింది.

మధ్యాహ్నం కొళాయి దగ్గర ముబీనా చెప్పింది:
"వాళ్ళమ్మకు జొరం దిగింది మేడం. మొక్కు.
నిన్నంతా కొండ మెట్లెక్కి, రాత్రి బస్టాండులో కూచోని
తెల్లారి బస్సుకి నేరుగా బడికొచ్చినాడు."

ఆ రాత్రి ప్రార్థనలో మాట పెగల్లేదు.
చెప్పాల్సింది ఎవరికో తెలిశాక
పైవాడికి చెప్పుకోవడం తప్పించుకోవడమే.

మంగళవారం, హాజరు పిలవకముందే,
"దొరస్వామీ, నిన్న తప్పు నాది. నన్ను క్షమించు" అన్నాను.
ఫ్యాను చప్పుడు.
వాడు సిగ్గుతో గుండు గోక్కున్నాడు.
వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు.
అంతే. ఆకాశమేమీ తెరుచుకోలేదు.

బుధవారం స్టాఫ్‌రూము గుమ్మంలో పొట్లంతో వాడు.
"లడ్డు అందరికీ పంచేసినా మేడం. మీరు తినరు కదా.
ఇది మా గానుగలో బెల్లం.
పూజకు ముందే మీకని పక్కన తీసినా.
దేవుడికి చూపించలేదు."
కాగితం తడిసి, వార్తల అక్షరాలు అంటుకుని,
ఇంకా వెచ్చగా ఉంది.
నేను తిననని వీడికెవరు చెప్పారు?
ఎన్నేళ్ళుగా ఎన్ని పొట్లాల ముందు
నా చెయ్యి ఎలా వెనక్కి పోయిందో
వీళ్ళు చూస్తూనే ఉన్నారా?

"మేడం, అయివార్లు పిలకాయల్ని క్షమించమనేది
మీ చర్చిలో నేర్పిస్తారా?"
"నేర్పిస్తారు" అన్నాను.
"నాకింకా నోటికి రాలేదు."

ఒక ముక్క అక్కడే కొరికాను.
మిగిలింది బ్యాగులో వేసి మరిచిపోయాను.
ఆదివారం పాస్టరుగారు మళ్ళీ అదే అడుగుతుంటే
జిప్పు తీశాను.
మత్తయి నుంచి మార్కు దాకా
బారు తీరి చీమలు.