సూది రిజిస్టరు

లగ్గెరెలో హార్డువేరు షాపు మీద అద్దె హాలు.
మధ్యాహ్నం రెండింటికి తెలుగు ఆరాధన,
అంతకుముందు తమిళం వాళ్ళది.
కుర్చీలింకా వాళ్ళ వేడితోనే ఉంటాయి.
రత్నాకరం పాస్టరయ్య చెప్పినాడు,
"దేవుడు శరీరమనే చొక్కా తొడుక్కొని దిగొచ్చినాడమ్మా" అని.
అందరూ ఆమెన్ అన్నారు.
నా ఆమెన్ మాత్రం
దారం చిక్కుపడినట్టు గొంతులో ఆగింది.

అయ్యా, చొక్కాల సంగతి నన్నడుగు.
పీణ్య రెండో ఫేజు, ఏడో లైను,
కాలరు అతికించే మిషను నాది.
గంటకు అరవై. పదకొండేళ్ళు.
చొక్కాకు ఆకలుండదు.
ఇస్త్రీపెట్టె కిందికి పోయినా అబ్బా అనదు.
సాయంత్రం విప్పి కొక్కేనికి తగిలిస్తే
తొడిగినోడు వేరు, అది వేరు.

శరీరధారి. ఆ 'ధారి' కదా తికమక పెట్టేది.
వేషధారిలోనూ అదే ధారి.
మదనపల్లె పక్కన మా ఊళ్ళో వీధినాటకం.
రాత్రంతా రాజుగా ఉన్న మా చిన్నాయన
తెల్లారి బోరింగు కాడ మొహం కడుక్కునేటోడు,
నీళ్ళు ఎర్రగా కాలవలోకి పోయేటివి.
కడిగితే పోయేది వేషం.

మరి ఆయనది?
తొమ్మిది నెలలు ఒక పిల్ల కడుపులో నానినవాడు,
మెడ నిలవక తల్లి అరచేతిలో తల ఆనించినవాడు.
పెరిగినాడంట.
పెరగడమంటే ఏందో నా జోయెల్‌ని చూసి నాకు తెలుసు,
జూన్‌లో కుట్టిన నిక్కరు క్రిస్మస్‌కు ఎక్కదు.
ఆయనకూ చంకల కింద బిగిసుంటుంది,
మరియమ్మ దీపం కాడ కూర్చొని
అంచు మడత విప్పి వేలెడు పొడుగు వదిలుంటుంది.
ఆకాశాన్ని జానలతో కొలిచినవాడికి
అంగీ పొట్టిదయింది.
దీన్ని నేను నమ్ముతా. దీనికంటా ఆమెన్.

కిందటేడు షిప్‌మెంటు వారం
సూది నా చూపుడువేలి గోరులోంచి దిగి లోపలే విరిగింది.
సూపర్‌వైజరు మంజప్ప ఉరికొచ్చి
ముందు కాలరు చూసినాడు, రక్తం పడిందేమోనని.
మాకొక రూలుంది.
విరిగిన సూది ముక్కలన్నీ దొరకాలి,
రిజిస్టరులో టేపు కింద అతికించాలి,
అప్పుడే కొత్త సూది.
రెండు దొరికినాయి.
మూడోది గుడ్డలో లేదు, నేల మీద లేదు,
అయస్కాంతం తిప్పినా లేదు.
కెంపమ్మక్క నా చెయ్యి పట్టుకొని "ఇల్లిదె" అనింది.
ఇక్కడుంది.
నాలో.

సిలువ కింద సిపాయిలు చీట్లేసుకున్న అంగీకి
కుట్టే లేదంట, పైనుంచి కిందిదాకా ఒకటే నేత.
ఎవరు నేసినారో, ఎన్ని రాత్రులో.
దాన్ని చించడానికి వాళ్ళకు మనసు రాలేదు.
ఆయన్ని చించినారు.

ఆ తర్వాత ఆదివారం పొద్దున
సమాధిలో ఏం మిగిలిందో చూడు పాస్టరయ్యా.
కుట్టేదాన్ని గదా, నా కన్ను దాని మీదికే పోయింది.
నారబట్టలు అక్కడే పడున్నాయి.
తలగుడ్డ విడిగా చుట్టిపెట్టుంది.
బట్టలు విడిచిపోయినాడు.
ఒళ్ళు విడవలేదు.
మేకుల గుర్తులకు అతుకులేయించుకోలేదు,
అట్లనే తీసుకుపోయినాడు పైకి.

ఓటీ చేసి రాత్రి ఎనిమిదికి
జాలహళ్ళి క్రాసులో బస్సు కోసం నిలబడతా.
నడుము నుంచి మెడదాకా ఒకటే గుంజుడు,
దూది నుసికి దగ్గు.
మోకరించలేను, నిలబడే మాట్లాడతా.
కాళ్ళు వాచడమంటే ఏందో
ఎవరో చెబితే విన్నవాడు కాదు
ఆ సింహాసనం మీద కూర్చున్నది.

ఇవేవీ పాస్టరయ్యతో అనలేదు.
ఆరాధనయ్యాక మెట్ల కాడ చెయ్యి కలిపినాడు,
ఆయన చేతిమడత గుండీ
ఒక్క పోగు మీద వేలాడుతోంది.
"ఇట్లియ్యండయ్యా" అని సంచిలోంచి సూది తీసినా.
సూది దిగిన వేలు ఇంకా మొద్దే.
దారం ఎక్కించడానికి
మూడుసార్లు పట్టింది.