బొగ్గు గుర్తు

రాత్రి పదింటికి షిఫ్టు దిగి
బూట్లు గుమ్మం బయటే దులుపుకుని
కాట్‌బుస్‌లో, నాలుగో అంతస్తు వంటింట్లో,
టీ చల్లారేలోపు
పదిహేనో శతాబ్దంలోకి వెళ్తాను.

అక్కడ నాకో రాజ్యం ఉంది.
ఆట అమ్మినవాళ్ళు ఇచ్చింది కాదు,
వాళ్ళ పటంలో మా సోర్బులం
పక్కవాడి రంగులో కలిసిపోయి ఉన్నాం.
రెండు చలికాలాలు కూచుని నేనే చెక్కుకున్న మాడ్ ఇది.
పైన బ్రాండెన్‌బర్గ్, పడమట సాక్సనీ, కింద బొహీమియా:
మూడు కుక్కల నడుమ ఒకే ఎముక.

రాజులకి ముప్ఫై పేర్లు కావాలంది ఫైలు.
పుస్తకాల్లో నాకు దొరికినవి ఐదు.
మిగతావి చర్చి పాటల బృందం నుంచి ఎత్తుకొచ్చాను.
అందుకే నా మూడో రాజు
సైకిళ్ళు బాగుచేసే కీతో.
యుద్ధం సున్నా, పాలన సున్నా, దౌత్యం ఒకటి.
వేటకెళ్ళి చచ్చాడు.
మర్నాడు గొలుసు వేయించుకుంటూ చెబితే
"పన్నులైనా తగ్గించానా?" అన్నాడు.

ప్రతి ప్రాంతానికీ ఒక నంబరు ఉండాలి.
ఊరు ఖాళీ చేసిన రోజు
అమ్మమ్మ వోర్షా
తలుపు మీది రేకు స్క్రూలు తానే విప్పి
చేతిసంచిలో వేసుకుంది. ఇరవై మూడు.
ఆటలో ఆ నంబరు అప్పటికే ఎక్కడో ఉత్తరాన
ఒక చేపల రేవుది.
నేను నాలుగు వేల తొమ్మిది వందల ఇరవై మూడు ఇచ్చాను.

ఆ ఊరిని తవ్వింది
ఇప్పుడు నేను నడిపేలాంటి యంత్రమే,
చక్రానికి పద్దెనిమిది బకెట్లు,
దానికి స్పేస్ మీట లేదు, నొక్కితే కాలం ఆగడానికి.
అప్పుడు నాకు ఆరేళ్ళు.
నడిపింది మా నాన్న.

ఈ అక్టోబరులో కొత్త విస్తరణ వచ్చింది,
పంతొమ్మిది యూరోలు.
దించుకోగానే నా రాజ్యం బూడిదయింది,
నిజంగా బూడిద రంగు, పేరు కూడా లేదు.
రెండు రాత్రులు వెతికితే
ఎక్కడో ఒక మీసాల బ్రాకెట్ మూయలేదు.
పోర్చుగల్‌ని ఏలే ఎవాన్‌డ్రో,
కురిచీబాలో పగలంతా కళ్ళద్దాలు అమ్ముతాడు,
"సామ్రాజ్యాలు ఇంతకంటే చిన్నవాటికే పోయాయిలే" అన్నాడు.

మీసం మూశాను. ఆట నడిచింది.
వందేళ్ళు, ఇంకో వందేళ్ళు.
అప్పు మూడు చోట్ల, సరిహద్దులో పన్నెండు వేల సైన్యం.
పద్దెనిమిదో శతాబ్దం, ఒక మార్చి నెల
నాలుగు వేల తొమ్మిది వందల ఇరవై మూడు మీద
చిన్న నల్ల గుర్తు లేచింది.
బొగ్గు.
విస్తరణలో కొత్త సంగతట అది:
గని కడితే ఆదాయం మూడింతలు.
మంత్రి బొమ్మ నవ్వుతోంది.
రాజుల సొమ్ము రాళ్ళపాలంటారు,
ఇక్కడ రాళ్ళే సొమ్మయ్యాయి.

స్పేస్ నొక్కాను.
మంచినీళ్ళకి లేచిన లుబీనా
భుజం మీదుగా చూసింది.
"గెలుస్తున్నావా?"
"ఆపి ఉంచా."
"ఎంతసేపు?"

అది పడుకున్నాక ఫైలు తెరిచాను.
తుడిచెయ్యచ్చు, ఒక్క వాక్యమే.
తుడవలేదు. ముందొక హ్యాష్ పెట్టాను.
హ్యాష్ ఉన్న వాక్యాన్ని ఆట చదవదు.
అక్షరాలు మాత్రం అక్కడే పడుంటాయి,
పాత పోస్టల్ పుస్తకంలో మా ఊరి పేరులాగా.

నల్ల గుర్తు పోయింది.
మూడేళ్ళకి బ్రాండెన్‌బర్గ్ వచ్చింది,
బొగ్గు లేకపోయినా వచ్చింది.
అప్పులవాళ్ళు ముందే వెళ్ళిపోయారు.

మూడవుతోంది. రేపు మళ్ళీ రెండింటికి షిఫ్టు.
మూసేముందు రాజుల జాబితా చూశాను,
ముప్ఫయ్యో గడి ఇన్నాళ్ళూ ఖాళీ.
హాన్జో, అని కొట్టాను. మా నాన్న పేరు.
ముందు హ్యాష్ పెట్టాను.
తీశాను.
టీ మీద మీగడ కట్టింది.
మళ్ళీ పెట్టాను.